సెన్సార్ తయారుచేస్తే గ్రైండర్ అడిగారు

గుంటూరు మిర్చి యార్డుకి మొదటిసారి వెళ్ళినప్పుడు మెడలో యూనివర్సిటీ ఐడీ కార్డు వేసుకుని వెళ్ళా. పెద్ద తప్పు. నీలం రంగు తాడు, చేతిలో నోట్ బుక్కు, ముక్కుకి మాస్కు (ఆ ఘాటుకి మాస్కు ఉన్నా లేనట్టే, పది నిమిషాల్లో కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి). మొదటి కమీషన్ కొట్లో గుమస్తా నేను నోరు తెరవకముందే "మా దగ్గర అలాంటి సరుకు ఉండదు మేడమ్" అన్నాడు. ఎలాంటి సరుకండీ అని నేను అడగనే లేదు. రెండో కొట్లో కుర్చీ వేశారు, టీ తెప్పించారు, ఓనర్ గారు బయటికెళ్ళారు రేపు రండి అన్నారు, ఆ ఓనర్ గారు లోపల గదిలో ఫోన్ మాట్లాడుతుంటే నాకు వినిపిస్తానే ఉంది. మూడో కొట్టు దగ్గర టిక్కీలు (మిర్చి బస్తాలు) దించుతున్న హమాలీ ఒకాయన తలపాగా విప్పి మొహం తుడుచుకుంటా "ఏ ఆఫీసమ్మా మీది?" అని అడిగాడు, అప్పటికిగానీ నాకు లైటు వెలగలేదు. కార్డు తీసి బ్యాగులో పడేశా. నాలుగో కొట్లో "ఏమ్మా, చదువుకుంటున్నావా? కూర్చో, ఏం కావాలి" అన్నారు. అక్కణ్ణుంచి పని మొదలైంది.

ఇదంతా ఎందుకు పడ్డానో చెప్తా. నా పీహెచ్‌డీ అఫ్లాటాక్సిన్ మీద. తెలియని వాళ్ళకి: మిర్చి, వేరుశనగ, మొక్కజొన్న లాంటివి సరిగ్గా ఎండకపోతే ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ అనే బూజు పడుతుంది, ఆ బూజు వదిలే విషం ఇది, లివర్‌కి చెడ్డది, క్యాన్సర్ తెస్తుంది. అసలు దీని సంగతి బయటపడింది 1960లో, ఇంగ్లాండ్‌లో లక్ష దాకా టర్కీ కోళ్ళు టపటపా చచ్చిపోతే ఏంటా అని చూస్తే వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో తేలింది. ఇప్పుడు యూరప్ వాళ్ళు మిర్చిలో మొత్తం అఫ్లాటాక్సిన్ 10 పీపీబీ దాటితే ఒప్పుకోరు, అందులో బీ1 అనే రకం 5 దాటకూడదు. పీపీబీ అంటే వంద కోట్లలో ఒక వంతు. అంటే టన్ను మిర్చిలో, సుమారు ఇరవై నాలుగు టిక్కీల్లో, 10 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పు కూడా కాదు. అంత తక్కువని కూడా పట్టుకునే ఒక చిన్న సెన్సార్ మా ల్యాబ్‌లో నాలుగేళ్ళు కిందా మీదా పడి చేశాం. చేతిలో పట్టుకునే సైజు, పది నిమిషాల్లో రిజల్ట్. మిర్చితో వచ్చే గోల ఏంటంటే దాని ఎరుపు, ఆ రంగు సెన్సార్ సిగ్నల్‌ని మింగేస్తుంది, ఆ రంగుని తప్పించుకోవడానికే నాకు ఏడాదిన్నర పోయింది. జర్నల్‌లో పేపర్ వచ్చింది, ప్రొవిజనల్ పేటెంట్ (తాత్కాలిక దరఖాస్తు) వేశాం, ఇంకేముంది కంపెనీ పెట్టేద్దాం అనుకున్నాం. అట్లా అనుకున్నది ముఖ్యంగా నేను. మా గైడ్ సార్‌కి తర్వాత పేపర్ మీదే ధ్యాస.

మా యూనివర్సిటీలో కొత్త కంపెనీలకి సాయం చేసే ఇంక్యుబేషన్ సెల్ వాళ్ళు ఎనిమిది వారాల ప్రోగ్రామ్ ఒకటి పెట్టారు, కస్టమర్ డిస్కవరీ అని. ఇది మనవాళ్ళు కనిపెట్టింది కాదు. స్టీవ్ బ్లాంక్ అనే ఆయన 2011లో స్టాన్‌ఫర్డ్‌లో ఒక క్లాసు చెప్పాడు, అదే ఏడాది అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వాళ్ళు దాన్ని తీసుకుని ఐ-కోర్ అని మొదలుపెట్టారు. ప్రొఫెసర్ ఒకరు, స్టూడెంట్ ఒకరు, ఇండస్ట్రీ మెంటార్ ఒకరు, ముగ్గురు ఒక టీమ్, చేతిలో 50,000 డాలర్లు పెట్టి ఏడు వారాల్లో వంద మందితో మాట్లాడి రమ్మంటారు. అమ్మమని కాదు, మాట్లాడమని. మన దేశంలో ఐఐటీ మద్రాస్‌లోని గోపాలకృష్ణన్-దేశ్‌పాండే సెంటర్ వాళ్ళు దాన్నే చూసి ఐ-ఇంక్యుబేట్ అని నడుపుతున్నారు. మా దగ్గర జరిగింది దానికి తమ్ముడు లాంటిది అనుకోండి, డాలర్లు లేవు, బస్ చార్జీలు మాత్రం ఇచ్చారు, అవి కూడా బిల్లులు పెట్టిన మూణ్ణెల్లకి.

మొదటి రోజు గోడకి పెద్ద కాగితం అంటించి తొమ్మిది గళ్ళు గీయించారు, బిజినెస్ మోడల్ కాన్వాస్ అంటారు దాన్ని. చూడగానే వైకుంఠపాళి గుర్తొచ్చింది నాకు. కస్టమర్ ఎవరు అన్న గడిలో నేను టకటకా "రైతులు, వ్యాపారులు, కోల్డ్ స్టోరేజీలు, ఎక్స్‌పోర్టర్లు, కారం కంపెనీలు, ప్రభుత్వం" అని రాసేశా. మా మెంటార్ గారు మసాలా ఎక్స్‌పోర్ట్‌లో పాతికేళ్ళు చేసి రిటైరైన మనిషి, ఆయన వచ్చి చూసి "ఓటర్ల లిస్టు రాశావేంటమ్మా" అన్నారు. అందరూ నవ్వారు. నాకు మండింది.

సరే, మొదటి ఇంటర్వ్యూ ఈజీగా ఉంటుందని మా పెదనాన్నకి ఫోన్ చేశా. పల్నాడులో నాలుగెకరాలు తేజ రకం మిర్చి వేస్తాడు. పెదనాన్నా, ఇట్లా ఒక మిషన్ చేశాం, కాయలో విషం ఉందో లేదో పది నిమిషాల్లో చెప్పేస్తుంది, ఉంటే కొంటావా అని అడిగా. "ఎందుకు కొనను తల్లీ, బంగారంలా కొంటా, నువ్వు చేశావంటే మాటలా" అన్నాడు. ఎంతకి కొంటావు అంటే "నువ్వెంతంటే అంత" అన్నాడు. నోట్ బుక్కులో రాసుకున్నా: రైతు, కొంటాడు, ధర సమస్య కాదు. అట్లాగే ఊళ్ళో ఇంకో ఏడుగురితో మాట్లాడా, పెదనాన్నే ఫోన్లు కలిపిచ్చాడు, ఎనిమిదికి ఎనిమిది మందీ కొంటామన్నారు. వారం రివ్యూలో వంద శాతం అని స్లైడ్ పెట్టా.

మెంటార్ గారు ఒక్కటే అడిగారు. "మీ పెదనాన్న గారు పోయినేడాది పంట అమ్మినప్పుడు తేమ మీటర్ పెట్టి చూసుకున్నారా?" నాకు తెలీదు. తేమ మీటర్లు బజార్లో దొరుకుతాయి, అఫ్లాటాక్సిన్ రాకుండా ఉండాలంటే ముందు తెలియాల్సింది తేమే, అది కొనని మనిషి ఇది కొంటాడా అని. మళ్ళీ ఫోన్ చేశా. ఈసారి మిషన్ ఊసెత్తలేదు. పోయినేడాది కాయ ఎట్లా ఎండబెట్టావు, ఎండిందని ఎట్లా తెలిసింది, ఎక్కడ అమ్మావు, ధర ఎవరు చెప్పారు, ఇవే అడిగా. నలభై నిమిషాలు మాట్లాడాడు. కల్లంలో పోసి పొద్దున పరిచి సాయంత్రం కుప్ప చేసి పట్టా కప్పుతారు, మంచు పడకుండా. గుప్పిట్లో పట్టుకుని ఊపితే లోపల గింజలు గలగలమనాలి, అదీ ఆయన మీటరు. చివర్లో నేను మెల్లగా, కాయలో బూజు ఉందని నీకు ముందే తెలిస్తే ఏం చేస్తావు పెదనాన్నా అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "తెలిస్తే మాత్రం ఏం చేస్తానే, పారబోస్తానా? కౌలు ఎవరు కట్టాలి, పురుగుమందుల కొట్టు బాకీ ఎవరు కట్టాలి? తెలియకపోతేనే నయం" అన్నాడు.

ఇది నాకు దెబ్బ. ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. రైతు చేతికి నేను ఇవ్వబోయేది సొంత సరుకు ధర తనే తగ్గించుకునే మిషన్. యార్డులో ఆ రోజు నా ఐడీ కార్డు చూసి అందరూ అట్లా ఎందుకు ముడుచుకుపోయారో కూడా దీని తర్వాతే అర్థమైంది. అక్కడ తెలుసుకోవడం వల్ల లాభపడే మనిషి లేడు. రైతుకి తెలిస్తే నష్టం. కమీషన్ ఏజెంటుకి సరుకు కదిలితే కమీషన్, కదలకపోతే లేదు. కోల్డ్ స్టోరేజీ ఆయన (అక్కడ ఏసీ అంటారు, ఏసీ కాయలు, ఏసీ ధర అని) "మాది అద్దె ఇల్లు లాంటిదమ్మా, టిక్కీకి ఇంత అని కిరాయి, లోపల ఏముందో వాళ్ళ ఖర్మ" అని కుండ బద్దలు కొట్టాడు. ఆయన చెప్పిన తీరు నాకు నచ్చింది, అట్లా మొహమాటం లేకుండా చెప్పేవాళ్ళు దొరకడమే కష్టం. మనవాళ్ళతో వచ్చిన చిక్కే అది, ఎదురుగా ఉన్న పిల్లని బాధపెట్టడం ఎందుకులే అని బాగుందమ్మా, మంచి పని చేస్తున్నావు అనేస్తారు, ఆ బాగుందిని నమ్ముకుని నాలాంటి వాళ్ళు కంపెనీలు పెట్టేస్తారు.

అందుకని మా టీమ్‌లో ఒక రూల్ పెట్టుకున్నాం. "ఉంటే కొంటారా" అని అడగకూడదు. "పోయినసారి" అని మొదలుపెట్టాలి. పోయినసారి సరుకు వెనక్కి వచ్చినప్పుడు ఏం జరిగింది, ఎవరికి ఫోన్ చేశారు, ఎంత పోయింది, మళ్ళీ రాకుండా ఏం చేశారు. ఏమీ చెయ్యలేదంటే ఆ తలనొప్పి అంత పెద్దది కాదన్నట్టు. ఏదో ఒక నాటు పద్ధతి కనిపెట్టుకుని అదే పనిగా డబ్బులు తగలేస్తున్నాడంటే వాడే మనకి కావాల్సిన మనిషి. ఇంకోటి, మాట్లాడేటప్పుడు ఇద్దరం వెళ్ళాలి, ఒకరు అడగాలి ఒకరు రాయాలి, సెన్సార్ బ్యాగులోంచి తియ్యకూడదు. ఈ చివరిది మా గైడ్ సార్ ఒక్కసారి కూడా పాటించలేదు. ఒకసారి మాతో వచ్చి కారం మిల్లు మేనేజర్ ముందు కూర్చోగానే బ్యాగు తెరిచి ఇరవై నిమిషాలు సెన్సార్ కెమిస్ట్రీ చెప్పారు, ఆయన పాపం తల ఊపుతానే ఉన్నాడు, మేం అడగాల్సిన ప్రశ్న ఒక్కటి కూడా అడగకుండా టీ తాగి వచ్చేశాం. బస్సులో సార్‌ని ఏమీ అనలేక కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చున్నా. గైడ్‌ని ఏమంటాం.

అసలు విషయం చెప్పింది మాత్రం నా లిస్టులో లేని మనిషి. ఒక ఎక్స్‌పోర్టర్ గోడౌన్‌కి వెళ్తే ఓనర్ రావడానికి గంట పడుతుందన్నారు, ఈలోపు తొడిమలు తీసే ఆడవాళ్ళ దగ్గర కూర్చున్నా. ఓ ఇరవై మంది, చేతులకి పాత సాక్సులు తొడుక్కుని, మూతికి కొంగు కట్టుకుని, కబుర్లు చెప్పుకుంటానే చేతులు ఆడిస్తున్నారు. వాళ్ళలో ఒక పెద్దావిడ కాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని పక్కన పడేసింది. ఏంటక్కా అది అంటే విరిచి చూపించింది. పైకి ఎర్రగా నవనవలాడుతోంది, లోపల గింజల చుట్టూ బూడిద రంగు బూజు. "ముక్కిపోయిన వాసన వస్తది, పట్టుకుంటేనే తెలుస్తది" అంది. ఎట్లా వస్తుందక్కా ఇది, ఎండలేదా అంటే, ఎండినా వస్తుంది, బాగా ఎండిన కాయ టిక్కీలో తొక్కేటప్పుడు పొడి పొడి అయిపోతుందని నీళ్ళు చల్లి తొక్కుతారు, ఆ నీళ్ళు మధ్యలో ఆరవు అని చెప్పింది. అంటే టిక్కీలో అంతా బాగుండి ఎక్కడో మధ్యలో గుప్పెడు కాయ పాడవుతుంది. ఆవిడ ఈ మాట చెప్పింది సాక్సు సర్దుకుంటా, ఏదో కూరలో ఉప్పు ఎక్కువైందన్నట్టు. నేను చేత్తో పట్టుకున్న పెన్ను అట్లాగే ఉండిపోయింది.

ఎందుకో చెప్తా. ఈ విషం సరుకంతా సమానంగా ఉండదు, అక్కడక్కడా గుత్తులు గుత్తులుగా ఉంటుంది. ఇది నేను థీసిస్ మొదటి చాప్టర్‌లో రాసుకున్నదే, ఎవరో రాసింది చదివి రాసుకున్నది. కానీ నా సెన్సార్ టెస్ట్ చేసేదంతా ల్యాబ్‌లో నేనే విషం కలిపి తయారుచేసుకున్న కారం పొడి మీద, చక్కగా కలిసిపోయిన రెండు గ్రాములు. యార్డులో టిక్కీ మూతి కోసి గుప్పెడు మచ్చు తీస్తే ఆ గుప్పెట్లో ఆ పాడైన కాయ పడుతుందని గ్యారంటీ ఏంటి? పడకపోతే నా సెన్సార్ ఎంత గొప్పదైనా బాగుంది అని చెప్తుంది, పడితే టిక్కీ మొత్తం పారెయ్యమంటుంది. రెండూ తప్పే.

ఓనర్ గారు వచ్చాక పోయినసారి ప్రశ్న వేశా. రెండేళ్ళ కింద ఒక కంటైనర్‌కి సంబంధించి చెప్పుకొచ్చారు. మిర్చి బయటికి పంపాలంటే స్పైసెస్ బోర్డు వాళ్ళు మచ్చు తీసుకుని ల్యాబ్‌లో చూస్తారు, ఆ సర్టిఫికెట్ లేకుండా కదలదు. ఈయన ముందే ప్రైవేటు ల్యాబ్‌లో చూపించుకున్నాడు, పాసైంది. తర్వాత అసలు టెస్టులో ఫెయిలైంది. అదే సరుకు, వేరే మచ్చు. "రెండు ల్యాబుల్లో ఏది అబద్ధం చెప్పిందో నాకు ఇప్పటికీ తెలీదమ్మా" అన్నారు. రెండూ అబద్ధం చెప్పలేదండీ అని నాకు నోటిదాకా వచ్చింది, ఆపుకున్నా, వినడానికి వచ్చాను కదా. అప్పట్నుంచీ ఆయన ఏం చేస్తున్నాడో చూపించారు. గోడౌన్ వెనక ఒక షెడ్డు. అందులో ఇద్దరు కుర్రాళ్ళు. ప్రతి లాటు నుంచీ చాలా టిక్కీలు విప్పించి, ఒక్కోదాని పైనుంచి మధ్యనుంచి కిందనుంచి కాయ తీయించి, కుప్ప పోయించి, దాన్ని ఇంట్లో వాడే మిక్సీల్లో వేసి పొడి చేయించి, ఆ పొడి కలిపి అందులోంచి ల్యాబ్‌కి పంపుతున్నాడు. మిక్సీలు నెలకి రెండు కాలిపోతున్నాయట. మూల కాలిపోయిన జార్లు గుట్టగా ఉన్నాయి, ఫోటో తీసుకున్నా. ఆ కుర్రాళ్ళ కళ్ళు చూస్తే జాలేసింది.

మేం రూల్‌లో అనుకున్న నాటు పద్ధతి అంటే ఇదే. డబ్బులు తగలేస్తున్న మనిషి దొరికాడు. వాడేది ఆ కుర్రాళ్ళు, డబ్బులిచ్చేది ఈయన, నిద్ర పట్టనిది ఈయన దగ్గర కొనే క్వాలిటీ మేనేజర్‌కి. కస్టమర్ గడిలో ఇదే ముక్క మూడు రకాలుగా రాయాలని నాకు క్లాసులో చెప్పినప్పుడు ఎక్కలేదు, షెడ్డులో ఎక్కింది. వెళ్ళేటప్పుడు ఆగలేక మా సెన్సార్ సంగతి చెప్పా (రూల్ తప్పా, ఒప్పుకుంటా). విన్నారు. "టెస్టు ల్యాబోళ్ళు చేస్తారులేమ్మా, బయ్యరు నమ్మేది వాళ్ళ కాగితాన్నే. నువ్వు ఐదు కిలోలు ఒక్క దెబ్బకి మెత్తగా ఆడి, బాగా కలిపి, ఘాటు బయటికి రాకుండా ఇచ్చే మిషనేదైనా చెయ్యి, రేపే తీసుకుంటా" అన్నారు.

నాలుగేళ్ళ పీహెచ్‌డీ సెన్సార్ మీద, అడిగింది గ్రైండర్.

ఆ రాత్రి హాస్టల్‌కి వచ్చి ఏడ్చానని రాయాలి గానీ ఏడవలేదు, పెరుగన్నం తిని పడుకున్నా. తెల్లారి లేచి మిగతా ఎక్స్‌పోర్టర్లకి, కారం మిల్లులకి ఇదే ముక్క తెలియకుండా అడగడం మొదలుపెట్టాం, మచ్చు ఎట్లా తీస్తారు, ఎవరు ఆడతారు, ఎంతసేపు పడుతుంది అని. పద్నాలుగు మందిలో పదకొండు మంది దగ్గర ఏదో ఒక రకం మిక్సీ కథ ఉంది. ఒకాయన పిండిమర బాడుగకి తీసుకున్నాడు, ఆ మరలో తర్వాత ఇడ్లీ రవ్వ ఆడిస్తే వీధి వీధంతా తగాదాకి వచ్చిందట.

సార్‌కి చెప్పడమే కష్టమైంది. రివ్యూలో స్లైడ్ చూసి "మనం సైంటిస్టులమా, మిక్సీ మెకానిక్కులమా" అన్నారు. ఆయన కోపంలో న్యాయం ఉంది, నేను కాదనను, గ్రైండర్ మీద పేపర్ ఎవరు వేస్తారు, నాకు థీసిస్ ఎవరు ఇస్తారు. ప్రొవిజనల్ పేటెంట్ వేసిన 12 నెలల్లో కంప్లీట్ స్పెసిఫికేషన్ (పూర్తి వివరాల దరఖాస్తు) వెయ్యాలి, అందులో ఏది మాదని క్లెయిమ్ చెయ్యాలో అప్పటికి తేల్చుకోవాలి. అట్లాగే బైరాక్ (బయోటెక్నాలజీకి డబ్బిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ళ బిగ్ అనే గ్రాంట్‌కి వేద్దామనుకుంటున్నాం, 50 లక్షల దాకా ఇస్తారు, దానికి రాయాలన్నా ఎవరి తిప్పలు తీరుస్తున్నామో రాయాలి. రెండు వారాలు సార్ నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు తనే పిలిచి, పొడి ఎంత సన్నగా ఉంటే మన సెన్సార్‌కి రంగు గోల ఎంత తగ్గుతుందో చూశావా అని అడిగారు. చూడలేదు. చూశాం. పొడి సైజు ఒక్కలా ఉంటే రిజల్ట్ కూడా ఒక్కలా వస్తోంది. ఇప్పుడు ఆయన గ్రైండర్‌ని శాంపిల్ ప్రిపరేషన్ మాడ్యూల్ అంటున్నారు. ఏ పేరైతే ఏం, ఒప్పుకున్నారు, చాలు.

ప్రోగ్రామ్ అయ్యేసరికి మా లెక్క డెబ్భై ఎనిమిది మంది, వంద కాలేదు. పెదనాన్న మొదటి ఫోన్ లెక్కలోంచి తీసేశాం.

పోయిన వారం ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షాపుకి వెళ్ళాం, డ్రాయింగ్ పట్టుకుని. ఆ మేస్త్రీ గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. మోటారు ఎన్ని హెచ్‌పీ, బ్లేడు ఏ స్టీలు అడుగుతారనుకున్నా, సమాధానాలు రెడీగా పెట్టుకున్నా. ఆయన అడిగింది "ఒక మచ్చు ఆడినాక ఇంకోటి వేసేముందు లోపల ఎవరు తుడుస్తారమ్మా, చెయ్యి ఎట్లా పెడతారు?" అని. మొదటి లాటు పొడి కొంచెం మిగిలినా రెండో లాటు లెక్క తప్పుతుంది, పీపీబీల్లో చూస్తున్నాం కదా. డ్రాయింగ్‌లో చెయ్యి పట్టే సందే లేదు. ల్యాబ్‌లో ఐదుగురం చూశాం ఆ డ్రాయింగ్‌ని, ఒక్కరికీ తట్టలేదు. నోట్ బుక్కు తీసి ఆయన మాట రాసుకుని, పక్కన డెబ్భై తొమ్మిది అని నంబరు వేశా. "ఏంటమ్మా ఆ నంబరు" అన్నారు. ఏం లేదండీ, ఇంతకీ పోయినసారి ఇలాంటిది ఎవరికైనా చేశారా అని అడిగా.